పళ్ళు జివ్వుమంటున్నా తెల్లబరచుకోవచ్చా?

పళ్ళ రంగు గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది చెప్పుకున్న బాధ ఒకటే. తెల్లబరచుకోవాలని ఉంది, కానీ చల్లటి నీళ్ళు తగిలితేనే పళ్ళు జివ్వుమంటున్నాయి, మందు పెడితే ఏమవుతుందోనని భయం. అందుకే ఈసారి పేజీలన్నీ ఈ ఒక్క విషయానికే ఇచ్చాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. చిన్నప్పటి నుంచీ నా పళ్ళు కాస్త పసుపే. ఐస్‌క్రీమ్ కొరికి తినడం నాకు ఎప్పుడూ చేతకాదు, అంత సెన్సిటివ్. రెండు నెలల్లో ఇంట్లో ఫంక్షన్ ఉందని తెల్లబరిచే స్ట్రిప్స్ తెప్పించుకున్నాను. రోజూ అరగంట చొప్పున రెండు వారాలు అని ప్యాకెట్ మీద ఉంది. రెండో రోజు రాత్రికే ముందుపళ్ళలో కరెంటు కొట్టినట్టు నొప్పి, క్షణం వచ్చి పోతుంది, మళ్ళీ వస్తుంది. భయపడి ఆపేశాను. నా పళ్ళు పాడైపోయాయా? నాలాంటివాళ్ళు ఇంట్లో ఇవి చేసుకోకూడదా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి పళ్ళు పాడైనట్టు లేదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. క్షణం వచ్చి పోయే ఆ నొప్పి తెల్లబరిచే మందు వాడేవాళ్ళలో చాలామందికి వస్తుంది, అంతకుముందు ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి కూడా. మందు ఆపాక సాధారణంగా కొద్ది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. మీరు ఆపి మంచి పని చేశారు. నొప్పి ఓర్చుకుంటూ ప్యాకెట్ పూర్తి చేసేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ ఓర్పు వల్ల అదనంగా వచ్చే తెలుపు ఏమీ ఉండదు.

ఈ జివ్వుమనడం ఎందుకొస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. పన్ను పైన ఉండే గట్టి పొర ఎనామిల్, దాని కింద ఉండేది డెంటిన్. డెంటిన్ నిండా కంటికి కనపడనంత సన్నటి గొట్టాలుంటాయి, చదరపు మిల్లీమీటరుకు వేల సంఖ్యలో, లోపల నరం ఉండే గది దాకా. వాటిలో ద్రవం ఉంటుంది. చల్లదనమో పులుపో గాలో తగిలినప్పుడు ఆ ద్రవం కదులుతుంది, ఆ కదలిక నరానికి తెలుస్తుంది, మనకు జివ్వుమంటుంది. స్వీడన్‌కు చెందిన దంత పరిశోధకుడు బ్రాన్‌స్ట్రోమ్ 1960ల్లో దీన్ని ఇలా వివరించాడు, ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇదే. పైన ఎనామిల్ నిండుగా ఉండి, చిగురు ఉండాల్సిన చోట ఉన్నంతకాలం ఆ గొట్టాలకు బయటి చల్లదనంతో పెద్దగా పని ఉండదు. ఎనామిల్ అరిగినా, చిగురు జారినా వాటి మూతులు తెరుచుకుంటాయి.

ఇక స్ట్రిప్స్ సంగతి. వాటిలో ఉండేది ఎక్కువగా పెరాక్సైడ్. పన్ను మీది మురికిని గీకేసే మందని చాలామంది అనుకుంటారు గానీ, అది ఎనామిల్ గుండా లోపలికి దిగి డెంటిన్‌లో రంగునిచ్చే పదార్థాలను విరగ్గొడుతుంది. లోపలికి దిగితేనే దానికి పని. దిగిందంటే నిమిషాల్లోనే కొంత నరం ఉన్న గది దాకా కూడా చేరుతుంది, నరం చిరాకు పడుతుంది. అంటే మందు పనిచేసే దారి, నొప్పి వచ్చే దారి దాదాపు ఒకటే. అసలు నొప్పే ఉండదు అని ఎవరైనా ప్యాకెట్ మీద రాస్తే కాస్త ఆలోచించండి. నొప్పిని బాగా తగ్గించుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇంకో మాట. చిన్నప్పటి నుంచీ పసుపు అన్నారు. డెంటిన్ సహజంగానే పసుపు రంగులో ఉంటుంది, ఎనామిల్ కాస్త వెలుగు దూరనిచ్చే పొర. పసుపు గోడ ముందు పలచటి తెల్ల పరదా వేసినట్టు అనుకోండి, పరదా ఎంత పలచనైతే గోడ అంత కనిపిస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఎనామిల్ పలచన, మిగతావాళ్ళకు వయసుతో అరుగుతుంది, లోపలి డెంటిన్ మందమవుతుంది. కాబట్టి మీ పసుపు మీరు సరిగ్గా తోమకపోవడం వల్ల వచ్చింది కాదు. ఎవరైనా అలా అని మిమ్మల్ని చిన్నబుచ్చి ఉంటే ఆ మాట మనసులోంచి తీసేయండి.

ఇప్పుడు అసలు పని. మళ్ళీ మొదలుపెట్టేముందు, మీ సెన్సిటివిటీ ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోండి. ఇది నేను బతిమాలి చెప్పే విషయం. పిప్పి పన్ను ఉందా, పాత ఫిల్లింగ్ అంచు లేచిందా, సన్నటి పగులు ఉందా, చిగురు జారి వేరు బయటపడిందా, గట్టి బ్రష్‌తో అడ్డంగా తోమీ తోమీ పన్ను మొదట్లో గాడి పడిందా, నిద్రలో పళ్ళు కొరికే అలవాటుందా, ఎసిడిటీతో పుల్లటి నీళ్ళు నోట్లోకి వస్తుంటాయా. వీటిలో ఏది ఉన్నా మందు ఆ దారిలోంచి నేరుగా, మామూలు కంటే ఎక్కువగా లోపలికి దిగుతుంది. ఒకసారి డెంటిస్ట్‌కు చూపించుకుంటే ఇవన్నీ తేలిపోతాయి. ఇంట్లో మీరు గమనించగలిగేది ఒకటుంది. చల్లటి నీళ్ళు పుక్కిలించినప్పుడు అన్ని పళ్ళూ కొంచెం కొంచెం జివ్వుమంటే ఒక సంగతి, ఎప్పుడూ ఫలానా ఒక్క పన్నే అంటే అది వేరే సంగతి. ఆ ఒక్క పన్నుకు వైద్యం అయ్యేదాకా స్ట్రిప్స్ ముట్టుకోవద్దు.

నోట్లో తేడా ఏమీ లేదని తేలితే, పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివ్ పేస్టు తీసుకోండి. ట్యూబ్ మీద 5 శాతం అని ఉంటుంది. అది నరం స్పందనను నెమ్మది చేస్తుంది, కానీ ఒక్క రోజులో కాదు. రెండు వారాలపాటు పొద్దున, రాత్రి మెత్తటి బ్రష్‌తో తోమండి, తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోండి, గ్లాసుడు నీళ్ళతో పుక్కిలిస్తే మందంతా కొట్టుకుపోతుంది. ఆ తర్వాత స్ట్రిప్స్ మళ్ళీ మొదలుపెట్టినా ప్యాకెట్ మీద ఉన్నట్టు రోజూ వద్దు. రోజు విడిచి రోజు, అరగంట బదులు పావుగంట. అప్పటికీ జివ్వుమంటే మూడు రోజులకోసారి. చిగురు మీదికి స్ట్రిప్ ఎక్కుతుంటే ఆ అంచు కత్తిరించండి. మందు తగిలి చిగురు తెల్లబడి మంట పుట్టడం చాలామందికి జరుగుతుంది, కొంచెం తగిలితే సాధారణంగా కొన్ని గంటల్లో మామూలైపోతుంది గానీ, రోజూ తగలనివ్వకూడదు. స్ట్రిప్ తీశాక ఆ పూట బాగా చల్లటివీ బాగా వేడివీ మానేయండి.

మీకు రెండు నెలలు టైముంది కాబట్టి ఇలా నెమ్మదిగా చేసినా సరిపోతుంది. ఫంక్షన్ ముందు చివరి వారం మాత్రం పూర్తిగా ఆపేయండి. మందు పెట్టిన వెంటనే పళ్ళు కాస్త ఆరిపోయి ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తాయి, తర్వాత ఒకటి రెండు వారాల్లో కొంచెం వెనక్కి వచ్చి అక్కడ నిలబడతాయి. నిలబడిన ఆ రంగే మీ అసలు ఫలితం.

ప్రశ్న: నిమ్మరసంలో బేకింగ్ సోడా కలిపి రుద్దితే వారంలో తెల్లబడతాయని వీడియోలో చూసి మొదలుపెట్టాను. నిజంగానే మెరుస్తున్నాయి, కానీ ఇప్పుడు బ్రష్ తగిలినా పళ్ళు పులిసినట్టు అవుతోంది. బొగ్గుపొడికి మారితే మంచిదా?

జవాబు: దయచేసి ఆ రుద్దడం ఈరోజే ఆపేయండి, బొగ్గుపొడికీ మారకండి.

ఎనామిల్‌లోని ఖనిజాలు పీహెచ్ (పులుపును కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కంటే కిందికి దిగితే కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ రెండుకు కాస్త అటూ ఇటూ. అంటే మీరు పన్ను పై పొరను కరిగించి, మెత్తబడిన దాన్ని వెంటనే రుద్ది తీసేస్తున్నారు. మొదటి రోజుల్లో మెరిసినట్టు ఉండేది అందుకే, పైన మరకతోపాటు పొర కూడా పోతోంది. ఇలాగే కొనసాగిస్తే ఎనామిల్ పలచనై కింద ఉన్న డెంటిన్ పసుపు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది, సెన్సిటివిటీ మిగిలిపోతుంది. ఎనామిల్‌కు జీవకణాలు ఉండవు, అందుకని అరిగిపోయింది మళ్ళీ పెరగదు. మెత్తబడి ఇంకా అంటిపెట్టుకుని ఉన్న భాగాన్ని ఫ్లోరైడ్, లాలాజలం కలిసి మళ్ళీ కొంత గట్టిపరుస్తాయి, మీకిప్పుడు ఉన్న ఆశ అదే, కాబట్టి దానికి టైమివ్వండి. సోడా, నిమ్మరసం కలిపినప్పుడు బుస్సున పొంగేది కార్బన్ డయాక్సైడ్, మరకను పీకుతున్న గుర్తు కాదు. సోడా ఒక్కటే అయితే నిజానికి అంత గరుకు కాదు, కొన్ని పేస్టుల్లో అది ఉంటుంది కూడా. మీ పళ్ళను తినేస్తున్నది పులుపు.

బొగ్గుపొడి సంగతికి వస్తే, 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి వచ్చింది. బొగ్గు పళ్ళను తెల్లబరుస్తుందనడానికీ, సురక్షితమనడానికీ చాలినంత ఆధారం లేదని తేల్చింది. గరుకుగా ఉండే పొడి ఏదైనా పైమరకను గీకుతుంది, దానితోపాటు పన్నునూ గీకుతుంది, మామూలు పళ్ళకే అది మంచిది కాదు, మెత్తబడిన మీ పళ్ళకు అసలు కాదు. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా కొని పుక్కిలిస్తున్నాం అని కూడా కొందరు రాశారు. నోట్లో తిరిగే నీళ్ళలాంటి మందు పళ్ళ మీద నిలవదు, చిగుళ్ళను, నాలుకను కాలుస్తుంది, కొంత గొంతులోకి దిగుతుంది. అది గాయాలు కడగడానికి ఉంచండి.

మీరు కనీసం ఒక నెలపాటు తెలుపు మాట మర్చిపోండి. ఫ్లోరైడ్ ఉన్న సెన్సిటివ్ పేస్టు, మెత్తటి బ్రష్, పుల్లటివి తిన్నా తాగినా వెంటనే తోమకుండా మామూలు నీళ్ళతో పుక్కిలించి అరగంట నుంచి గంట ఆగడం. అలా ఆగితే లాలాజలం తన పని తాను చేసుకుంటుంది. నెల తర్వాత కూడా బ్రష్ తగిలితే జివ్వుమంటుంటే డెంటిస్ట్ దగ్గర ఫ్లోరైడ్ వార్నిష్ పూయించుకోండి.

ప్రశ్న: నాకు 47. సిగరెట్, కాఫీల వల్ల పళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. సిగరెట్ మానేశాను, ఇప్పుడు పళ్ళు కూడా బాగుచేసుకోవాలని ఉంది. మా డెంటిస్ట్ పళ్ళకు అచ్చు తీసి ట్రే చేయిస్తానని, 10 శాతం జెల్ రాత్రిపూట పెట్టుకోమని అన్నారు. బయట 35 శాతం జెల్ దొరుకుతోంది కదా, త్వరగా అయిపోతుంది కదా? నాకు చిగుళ్ళు కూడా కొంచెం కిందికి జారాయి, అక్కడ చల్లగాలి తగిలినా ఓర్చుకోలేను.

జవాబు: సిగరెట్ మానేసినందుకు ముందుగా మనస్ఫూర్తిగా అభినందనలు. మీ చిగుళ్ళకు అంతకంటే పెద్ద మందు నేను రాయలేను.

మీ డెంటిస్ట్ మాట వినండి. ఈ 10 శాతం పద్ధతికి చరిత్ర ఉంది. చిగుళ్ళ పుండ్లకు పెట్టిన కార్బమైడ్ పెరాక్సైడ్ మందు పళ్ళను కూడా తెల్లబరుస్తోందని అమెరికాలో 1960ల చివర్లోనే గమనించారు. 1989లో హేవుడ్, హేమన్ అనే ఇద్దరు డెంటిస్టులు దాన్ని ట్రేలో పెట్టి రాత్రిపూట వాడే పద్ధతిగా రాసి ప్రచురించారు. ఇంట్లో తెల్లబరచుకునే పద్ధతుల్లో ఎక్కువ కాలంగా, ఎక్కువగా పరిశీలించినది ఇదే.

శాతాల దగ్గర చాలామంది పొరబడతారు. జెల్ మీద కార్బమైడ్ పెరాక్సైడ్ అని ఉంటే, అది నోట్లో విడిపోయి అందులో దాదాపు మూడో వంతు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇస్తుంది. 10 శాతం కార్బమైడ్ అంటే సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. 35 శాతం అంటే సుమారు 12. అదే 35 అంకె హైడ్రోజన్ పెరాక్సైడ్ అని రాసి ఉంటే మాత్రం అది డెంటిస్ట్ కుర్చీలో, చిగుళ్ళకు అడ్డుకట్ట పెట్టి వాడే మందు, ఇంట్లో దాని జోలికి పోకూడదు. శాతం పెంచితే త్వరగా తెల్లబడతాయి, నిజమే. కానీ తక్కువ శాతంతో ఇంకొన్ని రోజులు ఎక్కువ వాడినా చివరికి చేరేది దాదాపు అదే రంగు, దారిలో నొప్పి మాత్రం బాగా తక్కువ. సెన్సిటివ్ పళ్ళున్న మనిషికి ఇందులో బేరమాడాల్సిందేమీ లేదు.

కార్బమైడ్ జెల్ బలంలో సగం దాకా మొదటి రెండు గంటల్లోనే ఖర్చైపోతుంది, మిగతాది నెమ్మదిగా దిగుతుంది. అందుకని రాత్రంతా పెట్టుకోలేకపోతే సాయంత్రం రెండు గంటలు పెట్టుకున్నా చాలావరకు ఫలితం వస్తుంది, మొదట్లో మీరు అలాగే చెయ్యండి, గంటతో మొదలుపెట్టినా సరే. ప్రతి పన్ను గూట్లో చిన్న చుక్క చాలు, నిండా నింపితే చిగురు మీదికి పొంగుతుంది తప్ప లాభం లేదు. పొంగినదాన్ని వేలితోనో దూదితోనో తుడిచేయండి. ట్రే చిగుళ్ళ మీదికి రాకుండా, పన్ను అంచు దాకా మాత్రమే కత్తిరించమని మీ డెంటిస్ట్‌ను అడగండి, చిగుళ్ళు జారినవాళ్ళకు ఇది చాలా ముఖ్యం.

ట్రే ఉండటంలో ఇంకో సుఖం ఉంది. అదే ట్రేలో పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివ్ జెల్ పెట్టుకుని 10 నుంచి 30 నిమిషాలు ఉంచుకోవచ్చు, తెల్లబరిచే జెల్ పెట్టేముందో, తీశాకో, మధ్యలో విడిచిన రోజుల్లోనో. బ్రష్‌తో తోమినప్పటికంటే మందు ఎక్కువసేపు పన్నుకు అంటుకుని ఉంటుంది కాబట్టి త్వరగా పనిచేస్తుంది. పేస్టునే వాడాలనుకుంటే నురగ వచ్చేది కాకుండా చూసుకోండి, నురగ కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ అంతసేపు ఉంచితే కొందరికి చిగుళ్ళు ఒరిసినట్టవుతాయి.

ఇప్పుడు మీకు ముందే చెప్పాల్సిన కష్టమైన మాట. చిగురు జారిన చోట బయటపడినది వేరు. దాని మీద ఎనామిల్ ఉండదు, పైనున్న పన్నులా అది తెల్లబడదు. పైభాగం తెల్లబడ్డాక ఆ మొదట్లో పసుపు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించొచ్చు. అప్పుడు కంగారుపడి అక్కడ ఇంకా జెల్ పులమకండి, మిమ్మల్ని ఏడిపించే చోటు కూడా అదే. తెల్లబరచడం పూర్తయ్యాక పన్ను రంగు ఫిల్లింగ్‌తో ఆ భాగాన్ని కప్పించుకోవచ్చు, రంగూ కలుస్తుంది, జివ్వుమనడమూ తగ్గుతుంది. కాకపోతే చివరి రోజు తర్వాత కనీసం రెండు వారాలు ఆగాలి, పన్నులో మిగిలిన ఆక్సిజన్ వల్ల ఫిల్లింగ్ సరిగ్గా అతుక్కోదు, రంగు కూడా అప్పటికే నిలబడాలి. ఇప్పుడే భరించలేనంతగా ఉంటే ముందే తాత్కాలికంగా కప్పమని అడగొచ్చు.

సిగరెట్ మరకలు పైపైనే ఉన్నవైతే డెంటిస్ట్ పరికరంతో గార, మరక గీకి తీసే స్కేలింగ్‌తోనే సగం పోతాయి. అది ముందు చేయించుకుని, చిగుళ్ళు కుదుటపడటానికి రెండు వారాలు ఆగి, అప్పుడు జెల్ అవసరమా అని అద్దంలో చూసుకోండి. అవసరం లేదనిపించినవాళ్ళు చాలామందే ఉన్నారు.

ప్రశ్న: స్కేలింగ్ చేయించుకుంటే పళ్ళ మధ్య సందులు వచ్చి కదిలిపోతాయని అందరూ అంటారు. నాకు గార బాగా పట్టింది. చేయించుకోవాలంటే భయం.

జవాబు: ఆ సందులు ముందే ఉన్నాయి, వాటి నిండా గార గట్టిపడి ఉంది. అది పోయాక నాలుకకు కొత్తగా తగులుతాయి. వాచిన చిగురు తగ్గి అసలు చోటికి వెళ్తుంది కాబట్టి పన్ను పొడవైనట్టు కూడా అనిపిస్తుంది. గార కప్పి ఉంచిన వేరు భాగం బయటపడి కొన్ని రోజులు చల్లటివి జివ్వుమంటాయి, అదీ నిజమే. కానీ ఆ గారను అలాగే వదిలేస్తే చిగురు కింద ఎముక తరిగిపోతుంది, పళ్ళు నిజంగా కదిలేది అప్పుడు. వెళ్ళే ముందు రెండు వారాలు సెన్సిటివ్ పేస్టు వాడండి, చాలా తేలికగా గడిచిపోతుంది. గార పైన ఎంత మంచి జెల్ పెట్టినా పన్నుకు అందదు, అది కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: మేడమ్, నాకు 16 ఏళ్ళు. ఫొటోల్లో నా పళ్ళు పసుపుగా పడుతున్నాయి. ఫ్రెండ్స్ అందరివీ తెల్లగా ఉన్నాయి. అమ్మకు తెలియకుండా కిట్ కొనుక్కున్నాను. వాడొచ్చా?

జవాబు: వద్దమ్మా, ఇప్పుడే వద్దు. నీ వయసులో పన్ను లోపల నరం ఉండే గది పెద్దగా ఉంటుంది, మందు అక్కడికి త్వరగా చేరుతుంది, నొప్పి ఎక్కువ. యూరప్ దేశాల్లో 0.1 శాతం దాటిన పెరాక్సైడ్ ఉన్న తెల్లబరిచే మందులను డెంటిస్ట్ ద్వారానే, అదీ 6 శాతం లోపే అమ్మాలని నియమం పెట్టారు, 18 ఏళ్ళు నిండనివాళ్ళకు వాడకూడదని అందులోనే రాశారు. పాలపళ్ళు బాగా తెల్లగా ఉంటాయి, వాటి స్థానంలో వచ్చిన పళ్ళు సహజంగానే కాస్త పసుపు. నీ వయసులో ఆ తేడా కొత్తగా కళ్ళకు తగులుతుంది. ఫొటోల్లో కనిపించే తెలుపులో చాలావరకు ఫోన్ చేసే పనే, ఫ్రెండ్స్ పళ్ళను పగటి వెలుతురులో ఒకసారి చూడు.

రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోము, కూల్‌డ్రింక్స్ తగ్గించు. మరక ఏదైనా ఉందనిపిస్తే డెంటిస్ట్ దగ్గర క్లీనింగ్ చేయించుకో, చాలాసార్లు అదే సరిపోతుంది. కిట్ సంగతి అమ్మకు చెప్పేయ్. కోప్పడినా కాసేపే, నీకోసం డెంటిస్ట్ దగ్గరికి వచ్చేది ఆవిడే.

ఇదే సందర్భంలో గర్భవతులు, పాలిచ్చే తల్లులు అడిగిన ప్రశ్నకు కూడా జవాబు. కొన్ని నెలలు ఆగండి. హాని జరుగుతుందని తేలి చెప్పడం లేదు, తొందరేమీ లేని పని కాబట్టి ఆ సమయంలో పెట్టుకోవద్దంటున్నాను. పైగా ఆ రోజుల్లో చిగుళ్ళు త్వరగా వాస్తాయి, రక్తం కారతాయి.

ప్రశ్న: నా పై ముందుపళ్ళలో ఒకటి బూడిదరంగుకు మారింది, పక్కది క్యాప్. మొత్తం తెల్లబరచుకుంటే అన్నీ ఒకే రంగుకు వస్తాయా?

జవాబు: రావు. క్యాప్, ఫిల్లింగ్, వెనీర్ (పన్ను ముందు అతికించే పలచటి తొడుగు) ఇవేవీ మందుకు రంగు మారవు. మీ సొంత పళ్ళు తెల్లబడి క్యాప్ పాత రంగులోనే ఉంటే తేడా ఇంకా కొడుతుంది, క్యాప్ మార్చుకునే ఖర్చుకు సిద్ధపడ్డాకే మొదలుపెట్టండి. మార్చడం కూడా తెల్లబరచడం పూర్తయి, రంగు నిలబడ్డాకే, అప్పుడు కొత్త క్యాప్‌ను ఆ రంగుకు కలుపుతారు.

బూడిదరంగు పన్ను గురించి నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. ఒక్క పన్నే నల్లబడిందంటే ఎప్పుడో దెబ్బ తగిలి లోపల నరం చనిపోయి ఉండొచ్చు. చిన్నప్పుడు పడిన దెబ్బ పెద్దయ్యాక ఇలా బయటపడటం మామూలే. నొప్పి లేదు కదా అని వదిలేయకండి, నరం చనిపోయాక నొప్పి తెలియకుండానే వేరు కొసన చీము చేరొచ్చు. ఎక్స్‌రే తీయించండి. రూట్ కెనాల్ అవసరమైతే అది అయ్యాక, ఆ పన్నును లోపలి నుంచి తెల్లబరిచే పద్ధతి ఉంది, ఇంట్లో పైనుంచి పెట్టే జెల్ కంటే చాలా బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: పొద్దున తెల్లబరిచే పేస్టు, రాత్రి సెన్సిటివ్ పేస్టు వాడుతున్నాను. పరవాలేదా? నీలం లైటు కిట్ కొనమని కూడా అంటున్నారు.

జవాబు: పొద్దున గీకడం, రాత్రి ఊరడించడం లాగా అయిపోతోంది. తెల్లబరిచే పేస్టుల్లో ఎక్కువవి గరుకు పదార్థాలతో పైమరకను తీస్తాయి, పన్ను అసలు రంగును మార్చవు. కొన్నింటిలో నీలం రంగు పదార్థం కలుపుతారు, అది పన్ను మీద సన్నగా పట్టి పసుపును కప్పి కాసేపు తెల్లగా చూపిస్తుంది, హాని లేదు, కడిగితే పోతుంది. పేస్టుల గరుకుదనాన్ని ఆర్‌డీఏ అనే అంకెతో కొలుస్తారు, అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 250 దాటకూడదు. సెన్సిటివ్ పళ్ళకు 70 లోపు ఉన్నది ఎంచుకోవడం నయం. ట్యూబ్ మీద ఆ అంకె లేకపోతే, కంపెనీ వివరాల్లో కొన్నిసార్లు దొరుకుతుంది. రెండు పూటలా సెన్సిటివ్ పేస్టే వాడండి, వాటిలో మరకలను నెమ్మదిగా తగ్గించేవి కూడా ఉన్నాయి.

నీలం లైటు వల్ల పెద్ద లాభం లేదు, పని చేసేది జెల్. ఇంటి కిట్లలో వచ్చే చిన్న లైటుకు డబ్బు పెట్టొద్దు.

ప్రశ్న: తెల్లబరచుకున్నాక ఎన్నాళ్ళుంటుంది? టీ మానేయాలా? మధ్యలో నొప్పి వస్తే ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి?

జవాబు: మనిషిని బట్టి, అలవాట్లను బట్టి కొన్ని నెలల నుంచి రెండు మూడేళ్ళ దాకా ఉంటుంది. ట్రే ఉన్నవాళ్ళు దాన్ని దాచుకుంటే, రంగు తగ్గినప్పుడు రెండు మూడు రాత్రులు పెట్టుకుంటే చాలు, మళ్ళీ మొత్తం చెయ్యక్కర్లేదు. టీ మానేయమని నేను ఎవరికీ చెప్పను, మానలేమని నాకు తెలుసు. మందు వాడే రోజుల్లో, ఆ తర్వాత కొద్ది రోజులు తగ్గించండి, గంటల తరబడి చప్పరించే బదులు ఒక్కసారి తాగేసి నీళ్ళతో పుక్కిలించండి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వాడుతుంటే డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడండి, చాలా రోజులు వాడితే అదే గోధుమరంగు మరక వేస్తుంది, ఇది చాలామందికి తెలియదు. ఐరన్ సిరప్ కూడా అంతే, స్ట్రాతో తాగండి.

నొప్పి విషయంలో తేడా ఇలా పట్టుకోండి. చల్లదనం తగిలి జివ్వుమని, అది తీసేయగానే పోతే, లేదా ఏమీ తగలకుండానే క్షణం మెరుపులా వచ్చి పోతే, అది సెన్సిటివిటీ. రెండు మూడు రోజులు మందు ఆపి సెన్సిటివ్ పేస్టు వాడితే తగ్గుతుంది. వేడి తగిలినప్పుడు నొప్పి మొదలై నిమిషాల తరబడి లాగుతుంటే, రాత్రి నిద్రలోంచి లేపితే, ఒకే పన్ను నమిలినప్పుడు పోటు పెడితే, చిగురు మీద చిన్న కురుపు కనిపిస్తే, అది మందు వల్ల వచ్చే మామూలు నొప్పి కాదు, లోపలి నరానికి సంబంధించింది. పేస్టులతో, మాత్రలతో రోజులు గడపకుండా ఆ రోజే అపాయింట్‌మెంట్ తీసుకోండి. వెళ్ళేటప్పుడు మీరు వాడిన కిట్ డబ్బా కూడా పట్టుకెళ్ళండి, అందులో ఏ మందు ఎంత శాతం ఉందో డెంటిస్ట్ చూడాలి.